మీ చీరల పేరు జనానికి గుర్తుండాలంటే ముందు వాళ్ల సందేహం తీర్చండి

మీ ప్రశ్న నాకు ఇలా అర్థమైంది. మంగళగిరిలో మీ ఇంట్లోనూ, చుట్టుపక్కల మరికొన్ని ఇళ్లలోనూ నేసిన చీరలకు సొంత పేరు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టారు. సరుకు బాగుంది, ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ కొంటున్నారు. కానీ కొత్తవాళ్లకు మీ పేరే తెలియదు. ప్రకటనలకు పెట్టేంత డబ్బు లేదు. చీరల వీడియోల కింద, గ్రూపుల్లో రోజూ మీ పేరు, ఫోన్ నంబరు పెట్టమని ఎవరో సలహా ఇచ్చారు. దానివల్ల ఉపయోగం ఉంటుందా, లేక టైమ్ వేస్టా అని అడిగారు.

నంబరు పెట్టడం వల్ల ఉపయోగం ఉండదు. అదే చోట్ల, అదే సమయం పెట్టి, జనం అడిగే సందేహాలకు సరైన జవాబులు రాస్తే మాత్రం ఉంటుంది. డబ్బు పెట్టలేని చిన్న వ్యాపారానికి పేరు రావడానికి ఇంతకన్నా మంచి దారి నేను చూడలేదు. చేనేత సంఘాలతో, మీలాంటి చిన్న అమ్మకందార్లతో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు చీర ఎప్పుడు కొంటారో ఆలోచించండి. అది నెలనెలా కొనే సరుకు కాదు. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి కొంటారు, దసరాకి, సంక్రాంతికి కొంటారు, ఇంట్లో పెళ్లి కుదిరితే పదులకొద్దీ కొంటారు. కాటన్ చీరలైతే ఎండలు మొదలవగానే టీచర్లు, బ్యాంకుల్లో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు కొంటారు. మిగతా రోజుల్లో వాళ్లు చీరలు చూస్తారు, వీడియోలు చూస్తారు, సందేహాలు అడుగుతారు, కొనరు. కాబట్టి ఈరోజు మీ మాట చదివిన మనిషి ఈరోజే కొంటుందని ఆశ పెట్టుకోవద్దు. ఆషాఢంలో చదివిన జవాబు శ్రావణంలో గుర్తొస్తే మీ పని ఫలించినట్టే. కొనాలనిపించిన రోజున "మంగళగిరి చీర" అనుకోగానే ఆమెకు తట్టే రెండు మూడు పేర్లలో మీది ఒకటి కావాలి. మిగతాదంతా దాని తర్వాతే.

ఈ లెక్కన చూస్తే "మా దగ్గర కూడా ఉన్నాయి, డీఎం చేయండి" అన్న మాట ఎందుకు పనిచేయదో తెలుస్తుంది. అందులో గుర్తుపెట్టుకోవడానికి ఏమీ లేదు. ఒక్కో చీరల వీడియో కింద అలాంటివి పదుల సంఖ్యలో ఉంటాయి, అన్నీ ఒకేలా ఉంటాయి, చదివేవాళ్లు కళ్లతోనే దాటేస్తారు. పైగా ఆ వీడియో పెట్టినవాళ్లకు చిరాకు. ఎవరి ఇంటి పెళ్లికో వెళ్లి భోజనాల బంతిలో విజిటింగ్ కార్డులు పంచినట్టు ఉంటుంది. పేరు తెలుస్తుంది నిజమే, కానీ ఏ రకంగా తెలుస్తుంది?

సాంకేతికంగా కూడా ఆ పద్ధతికి దారులు ఎప్పుడో మూసుకుపోయాయి. ఒకప్పుడు కనిపించిన ప్రతి చోటా తమ వెబ్‌సైట్ లింకు వదిలిపెడితే గూగుల్‌లో పైకి వస్తామని చాలామంది నమ్మారు. ఆ చెత్తను ఆపడానికే 2005 జనవరిలో గూగుల్ నోఫాలో అనే గుర్తు తెచ్చింది. ఆ గుర్తు ఉన్న లింకును సైట్‌కి పడిన ఓటుగా లెక్కించబోమని చెప్పింది. 2012 ఏప్రిల్‌లో గూగుల్ తన ర్యాంకుల లెక్కలో తెచ్చిన పెంగ్విన్ అనే మార్పు తర్వాత, లింకులు గుప్పించిన సైట్లు ఇంకా కిందికి పోయాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో కింద రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు. యూట్యూబ్ కూడా 2023 ఆగస్టు చివర్లో షార్ట్స్ కింద రాసే లింకులను నొక్కడానికి వీల్లేకుండా చేసింది. పెద్ద వీడియోల కింద లింకు పెడితే, ఛానెల్ వాళ్ల సెట్టింగును బట్టి అది ఎవరికీ కనబడకుండా ఆగిపోవచ్చు. "మా ఊళ్లో ఫలానావాళ్లకి లింకులతో ర్యాంకు పెంచాడు" అని ఎవరైనా ప్యాకేజీ అమ్మడానికి వస్తే దయచేసి డబ్బు కట్టకండి. మీకు కావాల్సింది లింకు కాదు, పేరు. పేరుకి లింకు అక్కర్లేదు, గుర్తున్నవాళ్లు వాళ్లే వెతుక్కుని వస్తారు.

ఇక ఏం రాయాలి అన్నదానికి వద్దాం. ఇక్కడే మీకు పెద్ద షాపులకు లేని బలం ఉంది. మీరు మగ్గం శబ్దం మధ్య పెరిగారు. పడుగు (నిలువు నూలు), పేక (అడ్డం నూలు), గంజి, రంగు, జరీ, వీటి గురించి మీ ఇంట్లో మామూలుగా మాట్లాడుకునే విషయాలు బయట కొనేవాళ్లకు అస్సలు తెలియవు. తెలియకే భయపడతారు. చీర కొనే ప్రతి మనిషికీ ఉన్న టెన్షన్ ఒక్కటే: మోసపోతానేమో. ఆ భయాన్ని తగ్గించిన మనిషిని వాళ్లు మర్చిపోరు.

ఒక ఉదాహరణ రాసి చూపిస్తాను. "మంగళగిరి కాటన్ చీర ఒకచోట వెయ్యి, ఇంకోచోట రెండున్నర వేలు. తేడా ఏంటి?" అని ఒకావిడ ఎక్కడో అడిగింది అనుకోండి. ఇది మళ్లీమళ్లీ వచ్చే ప్రశ్న. దానికి మీరు ఇలా రాయొచ్చు:

"మూడు సంగతులు అడిగి తెలుసుకోండి. మొదటిది, చేతి మగ్గం మీద నేసిందా, పవర్‌లూమ్ (కరెంటు మగ్గం) మీద నేసిందా. మగ్గం మీద బట్ట వెడల్పు తగ్గకుండా రెండు అంచులనూ లాగిపట్టే బద్ద ఉంటుంది, దాని మొనలు గుచ్చుకున్న సన్నటి రంధ్రాలు చాలా చేనేత చీరల అంచుల్లో వరసగా కనిపిస్తాయి. పవర్‌లూమ్ బట్టకూ గుర్తులు పడొచ్చు కాబట్టి ఇదొక్కటే చూసి తేల్చేయకండి. రెండోది, నూలు. 80 కౌంట్ నూలుకన్నా 100 కౌంట్ సన్నం, బట్ట తేలిగ్గా ఉంటుంది, నేతకు ఎక్కువ సమయం పడుతుంది, ధర కూడా పెరుగుతుంది. మూడోది, అంచులో జరీ. ఎక్కువ చీరలకు వాడేది టెస్టెడ్ జరీయే (రాగి తీగతో చేసేది; ప్యూర్ జరీ వెండి తీగతో చేసేది), అందులో తప్పేమీ లేదు, కానీ దాన్ని ప్యూర్ జరీ అని చెప్పి ప్యూర్ జరీ ధర తీసుకుంటే తప్పు. మాది మంగళగిరే, మేం ఇవే నేసి అమ్ముతాం, కాబట్టి నా మాట కూడా మరొకరి దగ్గర సరిచూసుకోండి."

ఈ జవాబులో మీ ఫోన్ నంబరు లేదు, లింకు లేదు, కొనమని అడగలేదు. అయినా చదివిన మనిషి మీ పేరు మీద నొక్కి చూస్తుంది. ఆమె ఒక్కతే కాదు. ప్రశ్న అడిగినది ఒకరైతే, అదే అనుమానం మనసులో పెట్టుకుని కిందికి జరుపుతూ చదివేవాళ్లు ఎంతోమంది. వాళ్లెవరూ లైక్ కొట్టరు, మాట్లాడరు. మీరు రాసేది నిజానికి వాళ్లకోసం.

చివర్లో "మేం ఇవే నేసి అమ్ముతాం" అన్న వాక్యం మాత్రం ఎప్పుడూ వదలకండి. అమ్మేవాళ్లన్న సంగతి దాచిపెట్టి తటస్థంగా మాట్లాడినట్టు నటిస్తే, బయటపడిన రోజు అన్నీ పోతాయి. చెప్పి మాట్లాడితే జనం ఏమీ అనుకోరు, నేసేవాళ్లే స్వయంగా చెబుతున్నారని ఇంకొంచెం శ్రద్ధగా వింటారు.

మరో ప్రశ్న, ఇది కూడా తరచుగా వస్తుంది: "సిల్క్ మార్క్ ఉంది కదా, అంటే చేనేతేనా?" కాదు. ఈ గందరగోళాన్ని విడమరిచి చెప్పేవాళ్లు చాలా తక్కువ, మీరు చెప్పండి. 2004లో వచ్చిన సిల్క్ మార్క్ చెప్పేది ఒక్కటే, ఇందులో వాడింది అసలైన పట్టు అని. ఆ పట్టును పవర్‌లూమ్ మీద నేసినా ఆ గుర్తు ఉండొచ్చు. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ చేతి మగ్గం మీద నేసిందని చెబుతుంది, ఏ ఊళ్లోదో చెప్పదు. జీఐ అనే భౌగోళిక గుర్తింపు ఊరి పేరుకూ ఆ నేతకూ ఉన్న సంబంధాన్ని కాపాడుతుంది. పోచంపల్లి ఇక్కత్‌కు ఆ గుర్తింపు 2005లోనే వచ్చింది, ఉప్పాడ జాందానీకి 2009లో వచ్చింది, గద్వాల, నారాయణపేట, వెంకటగిరి, ధర్మవరం, సిద్దిపేట గొల్లభామ, మీ మంగళగిరి అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. మూడు గుర్తులు మూడు వేరువేరు ప్రశ్నలకు జవాబులు. ఈ నాలుగు వాక్యాలు మీ మాటల్లో ఒకసారి రాసి పెట్టుకోండి, ఏడాది పొడవునా అవసరమవుతాయి. అన్నట్టు, మీరు గానీ మీ సంఘం గానీ జీఐ చట్టం కింద ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే ఆ పేరు వాడుకునే అధికారం ఉన్నవాళ్లుగా, నమోదు చేసుకోకపోతే ఆ పని కూడా మొదలుపెట్టండి. "మాకు రిజిస్ట్రేషన్ ఉంది" అని చెప్పగలగడం వేరు.

తెలిసినదాంట్లో కూడా ఎంతవరకు నిజమో అంతవరకే చెప్పాలి. ఇక్కత్ సంగతే తీసుకోండి. "చీర తిప్పి చూడండి, రెండువైపులా రంగు ఒకేలా ఉంటే అసలైన పోచంపల్లి" అని చాలామంది రాస్తారు. సగమే నిజం. ఇక్కత్‌లో నేతకు ముందే నూలును కట్టి రంగులో ముంచుతారు కాబట్టి రంగు రెండువైపులా ఉంటుంది, డిజైన్ అంచులు కొంచెం అలుక్కున్నట్టు ఉంటాయి. అలా లేకపోతే అది ప్రింట్ కావచ్చు. కానీ రంగు వేసిన నూలును పవర్‌లూమ్ మీద కూడా నేయొచ్చు. అంటే ఆ పరీక్షతో తెలిసేది ప్రింట్ కాదని మాత్రమే, చేనేత అని కాదు. ఇలా ఒక మెట్టు లోపలికి వెళ్లి చెప్పిన మాటే గుర్తుంటుంది. అందరూ చెప్పిందే మీరూ చెబితే మీ పేరు ఎవరికీ అక్కర్లేదు.

అలాగే మీది కాని నేత గురించి ఎక్కువ మాట్లాడకండి. ఉప్పాడ గురించి, గద్వాల గురించి మీకు కొంత తెలిసి ఉండొచ్చు, కానీ "మంగళగిరి అంటే ఈవిడే" అని అనిపించుకోవాలంటే మంగళగిరి దగ్గరే నిలబడాలి. గుంట మగ్గం ఎలా ఉంటుంది, నిజాం అంచు అంటే ఏమిటి, అంచు అల్లికకూ ఒడలు (చీర మధ్య భాగం) అల్లికకూ మధ్య ఖాళీ ఎందుకు రాదు, సంప్రదాయంగా ఒడలంతా బుటా లేకుండా సాదాగా ఎందుకుంటుంది, గంజి పోయాక చీర ఎలా మారుతుంది, మొదటి రెండు ఉతుకులు విడిగా చన్నీళ్లలో ఎందుకు ఉతకాలి, జరీ అంచు మడత ఎందుకు మార్చి పెట్టాలి. ఇవి చాలు. ఒక్కో సంగతి మీద పది రకాలుగా ప్రశ్నలు వస్తాయి. ఎవరైనా గద్వాల గురించి అడిగితే "నాకు తెలిసింది ఇంతే, గద్వాలలో నేసేవాళ్లను అడగండి" అనడం మీకు నష్టం కాదు, నమ్మకం పెంచుతుంది.

"ఇంత ధర ఎందుకు?" అన్న ప్రశ్నకు మాత్రం ప్రత్యేకంగా సిద్ధపడండి. దీనికి చాలామంది నేతవాళ్లు బాధతో జవాబిస్తారు. ఆ బాధ న్యాయమైనదే. కానీ "మా కష్టం మీకేం తెలుసు" అంటే చదివేవాళ్లు పక్కకు తప్పుకుంటారు. పని చెప్పండి, లెక్క చెప్పండి. పడుగు చేయడానికి ఎంతసేపు, రంగుకు ఎంత, మగ్గం ఎక్కించడానికి ఎంత, ఒక చీర దిగడానికి ఎన్ని రోజులు, అందులో ఇంట్లో ఎంతమంది చెయ్యి పడుతుంది, కూలి ఎంత, నూలు ఎంత. మీ ఇంటి లెక్క మీకు తెలుసు, ఆ అంకెలే పెట్టండి. ఆసు (ఇక్కత్ నూలును నేతకు ముందు మేకుల చుట్టూ తిప్పి సిద్ధం చేసే పని) యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారి సంగతి గుర్తుచేసుకోండి. పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి వాళ్లమ్మ చెయ్యి రోజూ వేలసార్లు అటూ ఇటూ ఆడించాల్సి వచ్చేది, ఆ భుజం నొప్పి చూడలేక ఆయన 1999లో యంత్రం తయారు చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ కథ విన్నాక ఇక్కత్ చీర ధర ఎక్కువ అనడానికి చాలామందికి నోరు రాలేదు. చెప్పింది పని గురించే, జాలి పడమని అడగలేదు. మీ ఇంటి పని గురించి కూడా అంత సూటిగా చెప్పొచ్చు.

పవర్‌లూమ్ వాళ్లను, పక్క ఊరి వాళ్లను, పెద్ద షాపులను తిట్టకండి. పవర్‌లూమ్ మీద పనిచేసేవాళ్లూ నేతవాళ్లే, సిరిసిల్లలో ఎన్ని కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయో మీకు తెలుసు. తప్పు పవర్‌లూమ్‌ది కాదు, దాన్ని చేనేత అని చెప్పి అమ్మేవాళ్లది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద కొన్ని రకాలు చేతి మగ్గానికే కేటాయించారు, ఇప్పుడు ఆ జాబితాలో 11 రకాలు ఉన్నాయి, కొన్ని లక్షణాలున్న చీర అందులో ఒకటి. చర్చ ఆ వైపు వెళితే చట్టం గురించి చెప్పండి, ఏ షాపు పేరూ ఎత్తకండి. గొడవల్లో కనిపించిన పేరు గొడవతోనే గుర్తుంటుంది.

ఎక్కడ రాయాలి? అన్నిచోట్లా వద్దు. ముందు వారం రోజులు ఏమీ రాయకుండా చదవండి. చీరలు కొనేవాళ్లు నిజంగా ప్రశ్నలు అడిగే చోట్లు మూడో నాలుగో దొరుకుతాయి. చేనేత ఇష్టపడేవాళ్ల ఫేస్‌బుక్ గ్రూపులు, చీర కట్టు, చీరల సంరక్షణ గురించి చెప్పే యూట్యూబ్ ఛానెళ్లు, చదివేవాళ్లు మాట కలిపే ఇన్‌స్టాగ్రామ్ పేజీలు, మీ ఊరివాళ్ల, కాలేజీవాళ్ల వాట్సాప్ గ్రూపులు. లక్షల్లో చూసే వీడియోకన్నా, కొన్ని వేలమంది చూసినా కింద పది మంచి ప్రశ్నలు ఉన్న వీడియో మీకు మేలు. పెద్ద వీడియో కింద మీ మాట గంటలో కిందికి పోతుంది. చిన్నచోట వీడియో చేసినవాళ్లు కూడా మీ జవాబు చదువుతారు. అక్కడినుంచే "మీ మగ్గం చూడటానికి రావచ్చా?" అన్న అడుగు పడుతుంది. నేను చూసినంతలో చిన్న నేత బ్రాండ్లకు పెద్ద మలుపు ఎక్కువగా ఇలాగే వచ్చింది. తనంతట తానుగా వచ్చి వీడియో తీసినవాళ్లకు మీరు డబ్బు ఇవ్వాల్సిన పని ఉండదు.

ప్రతి గ్రూపుకూ నియమాలు ఉంటాయి, అమ్మకం పోస్టులు వారంలో ఒక రోజే అని, అసలు వద్దని. వాటిని అక్షరాలా పాటించండి. నియమం ఏమిటో తెలియకపోతే అడ్మిన్‌ను అడగండి. అడిగి చేసినవాళ్లు వాళ్లకు గుర్తుంటారు.

ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవం గురించి ఒక మాట. 1905లో అదే రోజున మొదలైన స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు అందరూ చేనేత గురించి పోస్టులు పెడతారు, మీరూ పెట్టండి, కానీ దానినుంచి ఎక్కువ ఆశించకండి. ఆ రోజు గోలలో ఎవరి పేరూ ఎవరికీ గుర్తుండదు. ఆ ముందు పది రోజులు, తర్వాత పది రోజులు వచ్చే ప్రశ్నలే మీవి. శ్రావణం కూడా అప్పుడే దగ్గరలో ఉంటుంది కాబట్టి కొనేవాళ్లు నిజంగా చదువుతూ ఉంటారు.

పేరు విషయంలో చిన్న జాగ్రత్త, కానీ దీన్ని నిర్లక్ష్యం చేసి నష్టపోయినవాళ్లు ఎక్కువ. అన్నిచోట్లా ఒకే పేరు వాడండి. ఫేస్‌బుక్‌లో మీ సొంత పేరు, ఇన్‌స్టాలో బ్రాండ్ పేరు, యూట్యూబ్‌లో మీ అబ్బాయి అకౌంటు పేరు ఉంటే ముగ్గురు వేరువేరు మనుషులు మాట్లాడినట్టే. సొంత పేరు పక్కన బ్రాండ్ పేరు, ఊరి పేరు ఉంటే మంచిది. ఇంగ్లీషులో స్పెల్లింగ్ ఒక్కటే ఉంచండి, చెవితో విని టైపు చేసేవాళ్లకు దొరికేలా. ప్రొఫైల్ ఫొటోలో లోగోకన్నా మగ్గం ముందు మీరున్న ఫొటో మేలు. ఇక ఎవరైనా పేరు మీద నొక్కి లోపలికి వస్తే అక్కడ ఏముందో చూసుకోండి. చీర ధర, నూలు, జరీ రకం, నేసినవాళ్ల వివరం, వాపసు నియమం స్పష్టంగా ఉండాలి. "ధర కోసం డీఎం" అని పెడితే, జవాబులతో సంపాదించిన నమ్మకం అక్కడే తగ్గిపోతుంది.

మీ చుట్టాల చేత, స్నేహితుల చేత కొనుగోలుదారుల్లా పొగిడించుకోవడం మాత్రం చేయొద్దు. అందరూ చేస్తున్నారు కదా అంటారు. తప్పు తప్పే, పైగా ఇప్పుడు చట్టం కూడా చూస్తోంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2022లో మార్గదర్శకాలు వచ్చాయి. అదే ఏడాది చివర్లో ఆన్‌లైన్ రివ్యూల కోసం ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్, ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. డబ్బో, ఉచితంగా వస్తువో తీసుకుని పొగిడితే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో ప్రభుత్వం ఇన్‌ఫ్లూయెన్సర్లకు చెప్పింది. మీరు ఎవరికైనా చీర ఉచితంగా పంపి వీడియో చేయమంటే, ఉచితంగా వచ్చిందని వాళ్లు చెప్పాలి. చెప్పనివ్వండి, అందులో సిగ్గుపడేదేమీ లేదు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ల గురించి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే మీ ధరకు సరిపడే కొనుగోలుదారులు అక్కడ చాలామంది ఉన్నారు. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లు షాపుకెళ్లి చేత్తో ముట్టుకుని చూడలేరు, కాబట్టి వాళ్లకు సందేహాలు రెట్టింపు. బ్లౌజు కుట్టి పంపుతారా, ఫాల్, పీకో చేస్తారా, రంగు ఫొటోలో ఉన్నట్టే ఉంటుందా, పార్శిల్ ఎన్నాళ్లకు వస్తుంది. 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా 800 డాలర్లలోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు తీసేసింది. ఆ సమయంలో మన తపాలా శాఖ కూడా అమెరికా పార్శిళ్ల బుకింగ్ చాలావరకు కొంతకాలం ఆపేసింది. అప్పుడు గ్రూపుల్లో ఒకటే అయోమయం. ఏం జరిగింది, ఇప్పుడు పంపితే అదనంగా ఎవరు కట్టాలి, ఏ కొరియర్ తీసుకుంటోంది అని ఓపిగ్గా చెప్పినవాళ్లు తక్కువ. అలా చెప్పిన కొద్దిమంది అమ్మకందార్లకు వాళ్ల దగ్గర ఎప్పుడూ కొననివాళ్లు కూడా మెసేజ్‌లు పెట్టారు. సుంకం నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి రాసే రోజు మీ కొరియర్ వాళ్లను కనుక్కుని, ఏ తేదీ నాటి సమాచారమో కూడా రాయండి. జనం అయోమయంలో ఉన్నప్పుడు సరైన సమాచారం ఇచ్చిన పేరు మామూలు రోజుల్లో ఇచ్చిన పది జవాబులకన్నా ఎక్కువ గుర్తుంటుంది.

ఆన్‌లైన్ ఒక్కటే అనుకోవద్దు. విజయవాడలో, హైదరాబాద్ శిల్పారామంలో, ఎక్కడ చేనేత ప్రదర్శన జరిగినా స్టాల్ దొరికితే వెళ్లండి. అక్కడ జనం అడిగే ప్రశ్నలను రోజు చివర్లో ఒక నోటుబుక్కులో రాసుకోండి. వాళ్లు వాడిన మాటల్లోనే రాసుకోవాలి. మీరు "కౌంట్" అంటారు, వాళ్లు "మందం" అంటారు. వాళ్ల మాటల్లో ఉన్న ప్రశ్నకు వాళ్ల మాటల్లోనే జవాబు రాస్తేనే, తర్వాత గూగుల్‌లో వెతికేవాళ్లకూ అది దొరుకుతుంది. ఆ నోటుబుక్కు ఆరు నెలల్లో మీ వెబ్‌సైట్‌లో పెట్టుకోవడానికి పనికొచ్చే మంచి సందేహాల పేజీ అవుతుంది.

రోజుకు ఎంతసేపు? అరగంట దాటనివ్వకండి. మగ్గం పని, ప్యాకింగ్, లెక్కలు అన్నీ మీరే చూసుకుంటున్నారు. రోజుకు రెండు మంచి జవాబులు చాలు. పది మాటలు గబగబా రాసేకన్నా రెండు పూర్తిగా రాయడం మేలు. ఒకచోట రాసినదాన్ని ఇంకోచోట అలాగే అతికించకండి, అడిగినవాళ్ల సందర్భానికి తగ్గట్టు మార్చండి. మీ జవాబు కింద ఎవరైనా మళ్లీ అడిగితే తప్పకుండా తిరిగి వెళ్లి చెప్పండి. చాలామంది చేయనిది ఇదే. రెండోసారి వచ్చి చెప్పిన మనిషిమీద కుదిరే నమ్మకం మొదటి జవాబుతో రాదు.

ఫలితం ఎలా తెలుస్తుంది? లైకులు చూడకండి. కొత్తగా కొన్న ప్రతి ఒక్కరినీ "మా గురించి ఎక్కడ తెలిసింది?" అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మొదట్లో "ఎక్కడో చూశాను, గుర్తులేదు" అంటారు, అది మంచి సంకేతం. పేరు మిగిలింది, చోటు మర్చిపోయారు, అంతే. మీకు వెబ్‌సైట్ ఉంటే గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం. అందులో మీ బ్రాండ్ పేరే టైపు చేసి వచ్చినవాళ్లు నెలనెలా పెరుగుతున్నారా చూడండి. "మంగళగిరి చీర" అని వెతికి వచ్చినవాళ్లు వేరు, మీ పేరు వెతికి వచ్చినవాళ్లు వేరు. రెండోవాళ్లు పెరగడమే పేరు రావడం. ఇంకో గుర్తు, ఇది నాకు అన్నిటికన్నా ఇష్టం: మీరు లేని చోట, ఎవరో అడిగిన ప్రశ్న కింద మరొకరు మీ పేరు రాయడం. అది మొదలైతే మీ దారి సరైనదే.

మూడు నెలల్లో ఏమీ కనిపించకపోవచ్చు. చీరల వ్యాపారంలో ఒక శ్రావణం నుంచి మరో శ్రావణం వరకు చూస్తేగానీ నిజమైన లెక్క రాదు. మధ్యలో ఆపేస్తే అప్పటిదాకా పడ్డ శ్రమ వృథా అవుతుంది కాబట్టి, ఏడాది పాటు చేయగలిగినంత తక్కువగానే మొదలుపెట్టండి. పండగ రద్దీలో ఆపేసినా ఫర్వాలేదు, పండగ అయ్యాక మళ్లీ వెళ్లండి.

ప్రకటనలకు పెట్టేంత డబ్బు లేదన్నారు. అసలు వద్దని నేను అనను. కానీ ఇప్పుడే వద్దు. నాలుగైదు నెలలు జవాబులు రాశాక మీకు ఒకటి తెలుస్తుంది, ఏ ప్రశ్నకు జనం ఎక్కువగా ఆగి చదువుతున్నారో. మీ విషయంలో అది బహుశా మూడు గుర్తుల తేడాయో, చీర ధర లెక్కో అవుతుంది. దాన్ని మీ మగ్గం దగ్గరే, మీ గొంతుతో, నిమిషం వీడియోగా తీయండి. శ్రావణానికి నెల ముందు, కొద్దిపాటి డబ్బుతో, విజయవాడ, గుంటూరు, హైదరాబాద్ వరకే ఆ వీడియోను ప్రకటనగా నడపండి. మీ పేరు ఇంతకుముందే ఎక్కడో చూసినవాళ్లకు అది రెండోసారి కనిపిస్తుంది. మీ లెక్కలు, గ్రూపుల పేర్లు కింద రాస్తే ఏవి ఉంచుకోవాలో, ఏవి వదిలేయాలో చూసి చెబుతాను.